పాత ఐ7, కొత్త ఐ3: ల్యాప్‌టాప్ కొనేముందు

(ట్రస్టు వార్షిక స్కాలర్‌షిప్ పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ‘చదువు – క్రమశిక్షణ’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. అందుకని కార్యదర్శిగారి అనుమతితో విషయం మార్చుకున్నాను. ఈ రోజు మీరు అందుకునే చెక్కులో సగానికి పైగా, చాలా ఇళ్లలో, వచ్చే నెలలోపే ల్యాప్‌టాప్ కొట్టుకు పోతుంది. ఆ డబ్బు సరైన చోటికి పోతుందా లేదా అన్నదే నేను మాట్లాడదలచుకున్న విషయం.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి, 37 సంవత్సరాలు బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మరి నీకెందుకయ్యా ఈ సంగతి అంటారేమో. ఈ విషయంలో నేనొక తప్పు సలహా ఇచ్చాను. దాని ఖరీదు మాత్రం నేను కట్టలేదు, వేరొకరు కట్టారు.

2025 జూన్‌లో మన ట్రస్టు స్కాలర్‌షిప్ వచ్చిన ఒక అమ్మాయి తండ్రి నాకు ఫోన్ చేశాడు. ఆయనది కుట్టు పని. అమ్మాయి బి.కాం. మొదటి సంవత్సరంలో చేరింది. కొట్లో నిలబడే ఫోన్ చేస్తున్నాడు. "సార్, సెకండ్ హ్యాండ్‌ది ఐ7 అంట, 21 వేలు చెబుతున్నాడు. కొత్తది ఐ3 అంట, 33 వేలు. ఏది తీసుకోమంటారు?" అన్నాడు. నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ఆలోచించకుండా, "ఏడు పెద్దదా, మూడు పెద్దదా బాబూ? పైగా 12 వేలు తక్కువ. ఐ7 తీసేసుకో" అన్నాను. స్కాలర్‌షిప్ 12 వేలు, భార్య గాజుల మీద తెచ్చిన అప్పు 9 వేలు కలిపి ఆయన ఐ7 కొన్నాడు.

అక్టోబర్‌లో ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. "అంకుల్, ఇది ఆన్ కావడానికే నాలుగు నిమిషాలు పడుతోంది. క్లాసు వీడియో పెడితే ఫ్యాను గోల. ఇప్పుడేమో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది, మీ కంప్యూటర్‌కు విండోస్ 11 పెట్టడం కుదరదు అని చూపిస్తోంది" అంది. నాన్నతో చెప్పలేదట. చెబితే గాజుల సంగతి మళ్లీ వస్తుందని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకులో ఒక తప్పు పోస్టింగ్ జరిగితే సాయంత్రం బ్యాలెన్సు కుదరదు, ఎక్కడ తప్పిందో దొరికేదాకా ఇంటికి వెళ్లేవాళ్లం కాదు. అలాగే ఈ లెక్క కూడా మొదటినుంచి చూద్దామని కూర్చున్నాను. ఆ తర్వాత రిచీ స్ట్రీట్‌కు ఎన్నిసార్లు వెళ్లానో మా ఇంట్లోవాళ్లనే అడగాలి. మౌంట్ రోడ్ పక్కనున్న ఆ నాలుగు వీధుల్లో స్క్రూ దగ్గరనుంచి సర్వర్ దాకా దొరుకుతాయి. అక్కడి కుర్రవాళ్లు ఓపికగా అడిగినవారికి ఓపికగానే చెబుతారు.

ముందుగా ఆ రెండు ప్రాసెసర్ల పూర్తి పేర్లు చూడండి. అమ్మాయి కొన్నది ఇంటెల్ కోర్ ఐ7-6500యు. కొనకుండా వదిలేసినది ఇంటెల్ కోర్ ఐ3-1215యు. నేను చూసింది ఐ7, ఐ3 అన్నంతవరకే. అసలు సంగతి గీత తర్వాత ఉంది. 6500 అంటే 6వ తరం, 2015లో వచ్చినది. 1215 అంటే 12వ తరం, 2022లో వచ్చినది. రెండింటికీ మధ్య ఏడేళ్లు. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే తరంలో చిన్నతరగతి, మధ్యతరగతి, పెద్దతరగతి అని చెప్పే గుర్తులు. ఒక తరం ఐ7ను ఇంకో తరం ఐ3తో ఆ అంకెలు చూసి పోల్చకూడదు. 1985లో హెడ్ క్లర్కు జీతానికీ, ఈనాటి కొత్త క్లర్కు జీతానికీ పోలిక పెట్టి, హెడ్ క్లర్కు పెద్ద పదవి కాబట్టి ఆయనకే ఎక్కువ వస్తుంది అన్నట్టుంటుంది. నేను చేసింది అదే.

ఇప్పుడు లోపలికి వెళదాం. నాకు తెలిసింది బ్యాంకు కాబట్టి బ్యాంకు భాషలోనే చెబుతాను.

ప్రాసెసర్ అంటే శాఖలో పనిచేసే సిబ్బంది అనుకోండి. కోర్ అంటే కౌంటరులో కూర్చున్న ఒక క్లర్కు. ఐ7-6500యులో క్లర్కులు ఇద్దరే. ఐ7 అని పేరున్నా ఇద్దరే. అయితే ఆ ఇద్దరూ చురుకైనవాళ్లు. ఒక ఖాతాదారు చెక్కు వెనక సంతకం పెడుతుండగా రెండోవారి టోకెను అందుకుంటారు. అంటే ఇద్దరు మనుషులు, నాలుగు టోకెన్లు. వీటినే థ్రెడ్లు అంటారు.

ఐ3-1215యులో ఆరుగురున్నారు. ఇద్దరు సీనియర్లు, నలుగురు జూనియర్లు. సీనియర్లు ఒక్కొక్కరు రెండేసి టోకెన్లు, జూనియర్లు ఒక్కొక్కటే. మొత్తం ఎనిమిది. బరువైన పని సీనియర్లకు, పాస్‌బుక్ ఎంట్రీ లాంటి చిల్లర పనులు జూనియర్లకు. జూనియర్లు తక్కువ కరెంటు తింటారు. ల్యాప్‌టాప్‌లో మనం ఏదో టైపు చేసుకుంటుంటే వెనకాల వైరస్ తనిఖీ, అప్‌డేటు, మెయిల్ ఇలా పది పనులు నడుస్తుంటాయి కదా, అవన్నీ ఈ నలుగురూ చూసుకుంటారు. 2021 చివర 12వ తరంతోనే ఇంటెల్ తన ప్రధాన ప్రాసెసర్లలో చాలావాటిలో ఈ రెండు రకాల సిబ్బంది పద్ధతి మొదలుపెట్టింది.

తర్వాత వేగం. కొట్లో అందరూ చెప్పే గిగాహెర్ట్జ్ ఇదే. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల అడుగులు. పాత ఐ7 అత్యధిక వేగం 3.1, కొత్త ఐ3 అత్యధిక వేగం 4.4. కానీ ఈ అంకెతోనే సంగతి తేలదు. ఒక్కో అడుగులో ఎంత పని అవుతుందన్నది కూడా చూడాలి. ఇద్దరు క్లర్కులు ఒకే వేగంతో ముద్ర కొడుతున్నా, ఒకడు ఒక్క ముద్రతో వోచరు ముగిస్తే, ఇంకొకడికి రెండు ముద్రలు కావాలి. ఈ పాఠం ఇంటెల్‌కే ఒకసారి తగిలింది. 2000 తర్వాత పెంటియం 4 అని, గిగాహెర్ట్జ్ అంకెను పెంచుకుంటూ 2004లో 3.8 దాకా తీసుకెళ్లారు. వేడి భరించలేక అక్కడ ఆగిపోయారు. ఆ మధ్యలోనే, 2003లో, ఇజ్రాయెల్‌లోని వాళ్ల సొంత బృందం ల్యాప్‌టాప్‌ల కోసం పెంటియం ఎం అని తక్కువ వేగపు ప్రాసెసర్ చేసింది. అంకె చిన్నదైనా పనిలో అది పెంటియం 4తో దీటుగా నిలిచింది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వచ్చింది. తర్వాత వచ్చిన కోర్ ప్రాసెసర్లు ఆ దారిలోనివే. అప్పట్లో మా శాఖలో పెంటియం 4 కంప్యూటర్లు ఉండేవి. మే నెలలో ఏ.సి. పాడైతే వాటి దగ్గర కూర్చోలేకపోయేవాళ్లం.

క్యాష్ అని ఇంకొకటి ఉంది. డబ్బు క్యాష్ కాదు. క్లర్కు తరచూ చూసే కాగితాలు పెట్టుకునే సొరుగు లాంటిది. పాతదానిలో ఇది 4 ఎంబీ, కొత్తదానిలో 10 ఎంబీ. సొరుగు పెద్దదైతే లేచి వెళ్లడం తగ్గుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే, అన్ని కౌంటర్లకూ పనిపడే చోట కొత్త ఐ3 పాత ఐ7కు రెండింతలకు పైగా పని చేస్తుంది. ఇది మన ఖాతాలో మొదటి ఎంట్రీ. నా సలహా ఎంత తప్పో దీంతోనే తెలిసిపోయింది.

కానీ లెక్క ఇక్కడ ముగించేస్తే ఇంకో తప్పు చేసినట్టే. అమ్మాయి ల్యాప్‌టాప్ ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పట్టింది ప్రాసెసర్ వల్ల కాదు.

క్లర్కు ఎంత చురుకైనవాడైనా, అతని బల్ల మూరెడే ఉంటే? లెడ్జరు కావాల్సినప్పుడల్లా ప్యూన్ మేడమీది రికార్డు రూముకు వెళ్లి, తాళం తీసి, వెతికి తెచ్చేదాకా ఖాతాదారు నిలబడాల్సిందే. బల్ల అంటే ర్యామ్. ఆ ల్యాప్‌టాప్‌లో అది 4 జీబీ. మేడమీది రికార్డు రూము అంటే హార్డ్ డిస్కు. లోపల పళ్లెం తిరుగుతుంది, సూది వెళ్లి చదువుతుంది. ఎస్.ఎస్.డి. అయితే లెడ్జర్లన్నీ కుర్చీ వెనకే అలమరాలో ఉన్నట్టు, తిరిగే భాగమే లేదు. నేనూ ఆ అమ్మాయీ కలిసి రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, ర్యామ్ 8 జీబీ చేయించి, హార్డ్ డిస్కు తీసి 256 జీబీ ఎస్.ఎస్.డి. వేయించాం. ఖర్చు నేను పెట్టుకున్నాను, ఆ మాట ఇక్కడ చెప్పుకోవడం గొప్పకు కాదు, అది నా బాకీ. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ అర నిమిషంలో ఆన్ అయింది. అదే ప్రాసెసర్, అదే ఐ7. ఫ్యానులో దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చేసరికి గోల కూడా చాలావరకు తగ్గింది. మన చెన్నై కత్తిరి ఎండల్లో పేస్టు ఎండితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, లేకపోతే కాలిపోతుంది కాబట్టి.

కాబట్టి పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నవారు, అన్నకో అక్కకో 2011లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత పథకంలో వచ్చిన ల్యాప్‌టాప్ మూల పడి ఉన్నవారు, దాన్ని తూకానికి వేసేముందు ఒకసారి విప్పించి చూడండి. ర్యామ్ పెంచే వీలుందా, ఎస్.ఎస్.డి. పడుతుందా అని అడగండి. అన్నిటికీ పడదు. పడినవాటికి మాత్రం ఇంకో రెండేళ్లు వస్తుంది. ఒక సంగతి, 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకు చిప్పులు అటు మళ్లించడం దానికి ముఖ్య కారణం. ఎక్కడో అమెరికాలో సర్వర్ కట్టడానికీ, మన వీధిలో అమ్మాయి ర్యామ్ ఖరీదుకూ ఇలా ముడి పడుతుందని కామర్స్ విద్యార్థులు గమనించాలి. గిరాకీ – సరఫరా పాఠం పుస్తకంలోనే ఉండదు.

ర్యామ్ మార్చగలిగాం, డిస్కు మార్చగలిగాం. ప్రాసెసర్ మాత్రం మార్చలేం. ఈనాటి ల్యాప్‌టాప్‌లలో అది బోర్డుకు అతికించేసి ఉంటుంది. అందుకే కొనేరోజునే దాని తరం చూసుకోవాలి. ఇక్కడ ఒక గీత ఉంది, దయచేసి రాసుకోండి.

మైక్రోసాఫ్ట్ 2021 అక్టోబర్ 5న విండోస్ 11 విడుదల చేసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం, ఆపైన ఉండాలన్నది నిబంధన. 7వ తరంలో ఒకటి రెండు మినహాయింపులున్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇచ్చే ఏర్పాటు చేశారు. సపోర్టు ముగియడమంటే ల్యాప్‌టాప్ ఆగిపోవడం కాదు. తాళం పాతదైపోయింది, దొంగకు కొత్త తాళంచెవి దొరికినా మార్చేవాడు రాడు అని అర్థం. అందులో బ్యాంకు పాస్‌వర్డు కొట్టవద్దని, బ్యాంకులో పనిచేసినవాడిగా చెబుతున్నాను. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇస్తామనేవారు కూడా ఉన్నారు. నడుస్తుంది. రేపు అప్‌డేటు రాకపోతే మైక్రోసాఫ్ట్‌ను అడిగే హక్కు మనకుండదు.

8వ తరం దగ్గర ఇంకో విశేషం కూడా కలిసింది. 2017 ఆగస్టులో ఐ5-8250యు వచ్చింది. అంతవరకూ యు రకం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఐ5 అయినా ఐ7 అయినా ఇద్దరే క్లర్కులు. 8250యులో నలుగురయ్యారు, ఎనిమిది టోకెన్లు. ముందు సంవత్సరం వచ్చిన ఐ7-7500యు ఖరీదులో పెద్దదే. చాలా పనులు ఒక్కసారి మీదపడితే ఈ ఐ5 దాన్ని దాటేస్తుంది. అంటే ఒక్క సంవత్సరం తేడాలోనే ఐ5 ఐ7ను మించింది.

నా తప్పులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. కొత్తదానికి 33 వేలు పెట్టలేకపోవడం ఆ తండ్రి తప్పు కాదు. కానీ ఆ 21 వేలకే 8250యు ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు అదే వీధిలో ఉన్నాయి. నేను తర్వాత వెళ్లి నా కళ్లతో చూశాను. వాటి మీద ఐ5 అని ఉంటుంది, కాబట్టి ఐ7 పక్కన చిన్నగా కనిపిస్తాయి, అంతే.

అయితే కొత్తదైతే చాలా? చాలదు. సెలరాన్ ఎన్4020 అని ఒకటుంది. 2019 చివర్లో వచ్చింది. విండోస్ 11 దాన్ని ఒప్పుకుంటుంది కూడా. కానీ ఇద్దరు క్లర్కులు, రెండే టోకెన్లు, ఇద్దరూ నిదానస్తులు. పాత 6500యు దానికంటే నయం. సీలు తీయని పెట్టె, తక్కువ ధర అని కొనేస్తే నాలుగు బ్రౌజర్ కిటికీలు తెరవగానే ఆయాసపడుతుంది. ల్యాప్‌టాప్‌లలో సెలరాన్, పెంటియం పేర్లను ఇంటెల్ 2023 నుంచి వదిలేసింది. ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని మాత్రమే పెడుతోంది. ఐ3 అనో, కోర్ అనో మాట లేకుండా ఉత్త ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని ఉంటే ఇంకో ప్రశ్న అడగాలని గుర్తుపెట్టుకోండి.

ఎ.ఎం.డి. వారి రైజెన్ కూడా మంచివే, ధరకు ఎక్కువ పని ఇచ్చేవి ఎన్నో ఉన్నాయి. అక్కడ పేర్ల గారడీ ఇంకో రకం. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు – రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇక్కడ మొదటి అంకె కాదు, మూడో అంకె చూడాలి. 7520లో మూడో అంకె 2. అంటే లోపలి నిర్మాణం జెన్ 2, అది 2019 నాటిది. 7530లో 3, అంటే జెన్ 3. మొదటిదాంట్లో నాలుగు కోర్లు, రెండోదాంట్లో ఆరు. పైగా 7520యు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకుందామంటే కుదరదు. 8 జీబీది కొంటే జీవితాంతం 8 జీబీయే. కొత్త సీసా, పాత సరుకు అని నేనంటే ఆ కంపెనీవారు ఒప్పుకోరనుకోండి.

ఇంటెల్ కూడా తక్కువ తినలేదు. 2023 డిసెంబర్‌లో కోర్ అల్ట్రా అని కొత్త పేరు తెచ్చి, ఐ అనే అక్షరం తీసేశారు. ఇప్పుడు కోర్ 5 అని ఒకటి, కోర్ అల్ట్రా 5 అని ఇంకొకటి. 2024 జనవరిలో వచ్చిన కోర్ 5 120యు లోపల ఉన్నది 13వ తరం సరుకే. అది చెడ్డదని కాదు, మన పిల్లల చదువుకు నిక్షేపంగా చాలు. పేరు కొత్తదని ఎక్కువ డబ్బు అడిగితే మాత్రం ఇవ్వనక్కరలేదు.

ఇంత చెప్పాక, మీ చదువుకు ఎంత కావాలన్నది చూద్దాం. కామర్స్, ఆర్ట్స్ పిల్లలకు ఎక్సెల్, టాలీ, వర్డ్, ఆన్‌లైన్ క్లాసు – ఇవి 8వ తరం ఐ5కో, 11, 12వ తరం ఐ3కో భారం కాదు. 8 జీబీ ర్యామ్, ఎస్.ఎస్.డి. ఉంటే చాలు. ఐ7 అక్కరలేదు. ఆ మిగిలిన డబ్బుతో ఒక సెమిస్టర్ పుస్తకాలు వస్తాయి. వీడియో పాఠాలు ఎక్కువ చూసేవారు ఒకటి గమనించండి. ఏవీ1 అనే కొత్త వీడియో పద్ధతిని నేరుగా విప్పే ఏర్పాటు ఇంటెల్‌లో 2020 నాటి 11వ తరం నుంచి ఉంది. పాతవాటిలో ఆ పని క్లర్కుల మీద పడుతుంది, అందుకే వేడి, అందుకే ఫ్యాను గోల. ఆ 11వ తరంతో వచ్చిన కొత్త గ్రాఫిక్స్ నిర్మాణానికి అప్పట్లో ఇంటెల్‌లో నాయకత్వం వహించిన రాజా కోడూరి మన తెలుగువాడే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంజనీరింగ్ పిల్లలు, ముఖ్యంగా డిజైను, యంత్రాల బొమ్మలు గీసేవారు, మీ శాఖ ప్రొఫెసర్‌ను ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో అడిగి కొనండి. మీకు యు కాకుండా హెచ్ రకం అవసరం పడవచ్చు. అది బరువు, వేడి, బ్యాటరీ తక్కువ. కంప్యూటర్ సైన్సువారికి ఒక్క మాట. మన గిండీ పక్కనే, ఐ.ఐ.టి. మద్రాసులో ప్రొఫెసర్ కామకోటిగారి ఆధ్వర్యంలో ‘శక్తి’ అనే స్వదేశీ ప్రాసెసర్ తయారైంది. 2018లో దాని మీద లైనక్స్ నడిపి చూపించారు. అది ల్యాప్‌టాప్ కొట్లో దొరికేది కాదు. కానీ ప్రాసెసర్ కొనడమే కాదు, చేయడం కూడా సిటీ బస్సు దూరంలోనే ఉందని మీకు తెలియాలి.

లైనక్స్ మాట వచ్చింది కాబట్టి, 8వ తరానికి ముందున్న ల్యాప్‌టాప్ ఉన్నవారికి అదొక దారి. ఉబుంటు ఉంది. మన చెన్నైలోని సి-డాక్ వారు చేసిన బాస్ ఉంది. రెండూ ఉచితమే. అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. రాసుకోవడానికి, చదువుకోవడానికి, ప్రోగ్రాములు నేర్చుకోవడానికి హాయిగా పనికివస్తాయి. మన అమ్మాయికి టాలీ కావాలి, అది విండోస్ మీద నడిచేది. అందుకని ఆమెకు ఆ దారి పూర్తిగా సరిపోలేదు. ప్రస్తుతానికి విండోస్ 10 పొడిగింపుకు నమోదు చేసి ఇచ్చాను. 2026 అక్టోబర్ తర్వాత ఏం చేయాలన్నది కార్యదర్శిగారూ నేనూ మాట్లాడుకుంటున్నాం. వాళ్ల నాన్నకు నేనే వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన మిషను ఆపి విన్నాడు. "సార్, మీకు తెలియదని అప్పుడే చెప్పి ఉంటే ఇంకొకరిని అడిగేవాణ్ణి కదా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలిక అయ్యేది.

ఇంకో ముఖ్యమైన సంగతి. తమిళనాడు ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో, రెండేళ్లలో 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు ట్యాబ్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఇస్తామని ప్రకటించింది. మీ కాలేజీకి, మీ సంవత్సరానికి అది వర్తించిందో లేదో కాలేజీ ఆఫీసులో ముందు అడగండి. అడగకుండా అప్పు చేసి కొని, తర్వాత క్లాసులో అందరికీ ఇస్తుంటే చూసి బాధపడటం ఎందుకు?

కొట్లో నిలబడినప్పుడు ఇలా చేయండి. బయట అతికించిన స్టిక్కరును నమ్మకండి. స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి. ల్యాప్‌టాప్ ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంతో కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అన్న చోట కోర్లు ఎన్నో, డిస్కు హార్డ్ డిస్కో ఎస్.ఎస్.డి.నో కూడా చూపిస్తుంది. ఆ పూర్తి పేరు కాగితం మీద రాసుకోండి. ఇంటెల్ వారి జాబితాలో ఆ నంబరు వెతికితే ఏ సంవత్సరం వచ్చిందో, ఎన్ని కోర్లో వాళ్లే రాసి ఉంటారు. సెకండ్ హ్యాండ్ అయితే ఛార్జరు తీసేసి ఒక అరగంట నడపమనండి, ఎంత శాతం తగ్గిందో చూడండి. బిల్లు అడగండి, అందులో మోడల్ నంబరు రాయమనండి. "ఐ7 ల్యాప్‌టాప్ – ఒకటి" అని రాసిన బిల్లు మన అమ్మాయి దగ్గర ఉంది. దాంతో ఎవరినీ ఏమీ అడగలేకపోయాం.

అరగంట నడిపి చూడనివ్వని కొట్టు నుంచి బయటకు వచ్చేయండి. పక్కనే ఇంకోటి ఉంటుంది.

ప్రతి శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను ట్రస్టు ఆఫీసులో కూర్చుంటాను. ప్రాసెసర్ పేరు రాసుకున్న కాగితంతో రండి, లేదా అక్కడికే ఫోన్ చేయండి. నాకు తెలిస్తే చెబుతాను. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు నేనే తీసుకువెళతాను. డబ్బు కట్టకముందు రండి.